ఫాలేతోలు కింద గీత

మాంగెరె, ఆక్లండ్
11 ఫిబ్రవరి 2013

ఫాలేతోలు మామయ్యకి,

ఇయానెతా దండాలు. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. కానీ తగ్గిందని ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆదివారం టారో దుంపల పని నెత్తిన పడుతుందని భయం.

ఫోన్లో రెండు నిమిషాల్లో అయిపోయే సంగతే ఇది. మీరు ఫోన్ ముట్టుకోరు కదా. "గాలిలో పోయే మాట ఎవడు దాచుకుంటాడే" అని పోయినసారి నన్ను తిట్టారు. సరే, ఇది దాచుకోండి: మీ పేరు పుస్తకంలో పడుతోంది.

విట్లోగారు గుర్తున్నారా? మన సవాయీ దీవిలో పడవల వెంట తిరిగి, కనిపించిన ప్రతి గాలాన్నీ ఫొటో తీసి, మీ ఇంట్లో కొబ్బరిపాలతో వండిన పలుసామి రెండు ఆకుల నిండా తిని, మర్నాడంతా పడుకున్న తెల్లావిడ. ఆవిడ రాసిన వేట పుస్తకం మా ప్రెస్సుకే వచ్చింది. పేజీలు పేరుస్తున్నది నేనే. మీరు రాసిన 'సూర చేప గాలాలు' నుంచి ఆవిడ చాలా తీసుకుంది. తీసుకున్న ప్రతిచోటా మీ పేరు చెప్పింది. మంచి మనిషి.

చిక్కల్లా మా సాఫ్ట్‌వేర్‌తో. దాని పేరు లేటెక్. ఏ సంగతి ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పే జాబితా పుస్తకం చివర వేస్తాం కదా, దాన్ని అదే తయారుచేస్తుంది. దానికి తెలిసిన లోకం తెల్లవాళ్ళ లోకం. ఏ పేరిచ్చినా ఆఖరి మాటే ఇంటిపేరు అనుకుని ముందుకు లాగుతుంది. మొదటి మాటని నరికి ఒక్క అక్షరం మిగులుస్తుంది. మార్గరెట్ విట్లో అంటే 'విట్లో, మా.' బాగానే ఉంది. ఫాలేతోలు పెనియామినా అంటే ఏం చేసిందో చూడండి: 'పెనియామినా, ఫా.' మన ఇంటిపెద్ద బిరుదు మొత్తం ఆ 'ఫా' దగ్గర ఆగిపోయింది! సలేలొలోగా మహిళా సంఘం వాళ్ళనైతే 'సంఘం, స. మ.' అని వేసింది. ఆ అధ్యక్షురాలు చూసిందంటే ఓడెక్కి వచ్చి మా ప్రెస్సు గుమ్మంలో చాప పరుచుకుంటుంది.

రెండు రోజులుగా దీనితోనే కుస్తీ. సరిచేశాననుకుని మళ్ళీ నడిపిస్తే పాత తప్పే పలుకుతుంది. ముందు నడిపినప్పటి ఫైళ్ళు కొన్ని పక్కన దాచుకుంటుందిలెండి. నిన్నటి ఎంగిలి కడిగితేగానీ ఇవాళ్టిది వడ్డించదు. అది కడిగాక ఇంకో చోట మొరాయించింది.

మీ పేరు ఎలా వేయమంటారో రాయండి. ఇసాకో పెద్దమామయ్య పేరు కూడా జాబితాలో ఉంది, ఆయన రాసిన చర్చి వందేళ్ళ సంచికకి. ఇద్దరికీ ఒకేలా వేస్తాను.

అత్తకి ముద్దులు. మీ పందికి నా పేరు పెట్టారని విన్నాను, అది మాత్రం మార్చండి.

మీ
ఇయానెతా

*

సవాయీ
4 మార్చి 2013

అమ్మా ఇయానెతా,

నీ ఉత్తరం పాస్టరుగారే తెచ్చి ఇచ్చారు. ముందు ఆయనే చదివేశాడని కవరు చూస్తేనే తెలిసింది. పందికి నీ పేరు నేను పెట్టలేదు, మీ అత్త పెట్టింది. చెప్పిన మాట వినదు, తిండి దగ్గర ముందుంటుంది, ఇంకేం పేరు పెట్టమంటావు?

ఆ యంత్రం సంగతి చదివి నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. విందులో పందిని కోసినా దానికో పద్ధతుంది కదే. ఏ ముక్క ఏ బిరుదుకో, వీపు ఎవరికో, తొడ ఎవరికో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నీ లేటెక్కుకి అంత టెక్కేమిటి? తాతముత్తాతలు మోసిన బిరుదుని తోకలాగా కోసి పారేయడానికి దానికి హక్కెవరిచ్చారు?

పేరు ఎలా వేయాలో అడిగావు. నన్ను ఎలా పిలుస్తారో అలాగే వెయ్యి. ఫాలేతోలు. అంతే. పెనియామినా అని నన్ను పిలిచేది మీ అమ్మ ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు. సభలో ఎవడైనా నన్ను ఆ చిన్నపేరు పెట్టి పిలిస్తే వాడి పళ్ళు రాలతాయి. పుస్తకంలో మాత్రం ఎందుకు పిలవాలి?

ఇది ఊరికే పట్టుదలకి చెప్పడం లేదు. తాతగారు పోయినప్పుడు పెద్దలు తగువు తెంచలేక బిరుదు నాకూ ఇసాకోకీ ఇద్దరికీ కట్టబెట్టారని నీకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆయన అక్కడ ఆక్లండ్‌లో ఫాలేతోలు, నేనిక్కడ ఫాలేతోలు. ఎవరి పడవ వాళ్ళది. ఇప్పుడు పెద్దలకి జ్ఞానోదయమైంది. ఒక ఇంటికి రెండు నడుం దూలాలేమిటి, ఒక్కరినే ఉంచుదాం అంటున్నారు. మే నెలలో కూర్చుంటారు. ఓడినవాడు బిరుదు దించేసి, బాప్తిస్మంలో పెట్టిన పేరుతో బతకాలి. బిరుదున్నవాళ్ళకి ఆవా పానీయం గిన్నె అందించేటప్పుడు వాడి పేరు పిలవరు. ఈ వయసులో నేను సభలో పెద్దల గుంజ పక్కన కాకుండా వెనక, కుర్రాళ్ళతో కూర్చోవాలి.

ఇసాకోకి నా మీద పగేం లేదు, నాకూ లేదు. కానీ ఊళ్ళో ఉన్నది నేను, సముద్రం మీదికి పోయేది నేను. నేను బతికుండగా ఆ పేరు విమానంలో వచ్చి విమానంలో పోయే మనిషిది కాకూడదు.

మన దగ్గర ఆడపడుచు పిల్లల మాటకి ఎంత బరువుందో నీకు వేరే చెప్పాలా? మీ అమ్మ, తమ్ముడికీ అన్నకీ మధ్య నోరు విప్పనని కూర్చుంది. అంటే ఆ వైపు నుంచి మిగిలింది నువ్వు. నా పక్షం మాట్లాడమని అడగను. నా పేరు సరిగ్గా పడేలా చూడు, చాలు.

ఆకాశం మబ్బుగా ఉంది. పడవ లోపలికి లాగాలి.

నీ మామయ్య
ఫాలేతోలు

*

ఆక్లండ్
2 ఏప్రిల్ 2013

మామయ్యా,

అయిపోయింది! మీ బిరుదుని జంట బ్రాకెట్లలో పెట్టి కట్టేశాను. అలా కడితే లోపలున్నదంతా ఒకటే పేరనుకుని కత్తి పెట్టదు. పెద్దమామయ్యది కూడా అలాగే కట్టాను. ఒకరికి బిరుదు వేసి ఒకరికి చిన్నపేరు వేస్తే ఇంట్లో నన్ను బతకనిస్తారా? అయినా పెద్దవాళ్ళ చిన్నపేర్లు టైపు చేయాలంటే నాకే వేళ్ళు ఆడలేదు. అమ్మ వెనక నిలబడి చూస్తున్నట్టే అనిపించింది.

మహిళా సంఘం కూడా నిండుగా పడింది. నడిపించాను, ఒక్క తప్పు కూడా చూపించలేదు. మా పెద్ద ఎడిటరుగారు జాబితా శైలి ఆఖర్న ఒకసారి మార్చమన్నారు. అదీ మార్చి నడిపించాను, అప్పుడూ తప్పుల్లేవంది. మీ పేరు చూసుకున్నాను, అక్షరం తరగలేదు. ప్రూఫు పంపేంత వ్యవధి లేదు, నేరుగా అచ్చుకి పోయింది. పాస్టరుగారికో కాపీ, మీకో కాపీ పంపిస్తున్నారు.

మొన్న చర్చి అయ్యాక వాన. పెద్దమామయ్య కారులో దిగబెట్టారు. పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగారు, చెప్పాను. ఆయనా సంతోషించారు. మే నెలకి వస్తున్నారట కదా? అమ్మ ఆయన చేత మీకు చొక్కాలు పంపుతోంది.

అడుగుదామనుకుంటూ మర్చిపోతున్నాను, పంది పేరు మార్చారా?

మీ
ఇయానెతా

*

సవాయీ
27 మే 2013

ఇయానెతా,

చొక్కాలు అందాయి.

పుస్తకం కూడా అందింది. నాకొక్కడికే కాదు, ఊరందరికీ. ఇసాకో ఆరు కాపీలు మోసుకొచ్చి సభలో పంచాడు. అంత లావు పుస్తకం ఎవడు చదువుతాడు? అందరూ వెనక్కి తిప్పి జాబితా తీశారు, తమ తమ పేర్లు వెతుక్కోవడానికి. దొరికినవాడు పక్కవాడికి చూపిస్తాడు, దొరకనివాడు పుస్తకం తప్పులతడక అంటాడు.

నా పేరు కోసం నేనూ చూశాను. ఫాలేతోలు అని ఒక్కచోటే ఉంది. దాని పక్కన చర్చి వందేళ్ళ సంచిక, 1979. దాని కింద పేరు లేదు, ఒక గీత. గీత పక్కన 'సూర చేప గాలాలు', 1987.

గీతేమిటని బడిపంతుల్ని అడిగారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అంటే పై ఆయనే ఇదీ రాశాడని. మళ్ళీ పేరెందుకని గీత పెడతారు" అన్నాడు.

అర్థమైందా? పై ఆయనే! నేను రాయలేదు. నేను లేను. నేనొక గీతని. పడవెక్కితే వాంతి చేసుకునే మనిషి సూర చేపల పండితుడయ్యాడు. నేను తొమ్మిదేళ్ళు ముందే రాసుంటే ఆ గీత ఆయనకి పడేది, నాకా తెలివి లేకపోయింది.

సభ తరఫున మాట్లాడే మాటల పెద్ద లేచి, "చదువుకున్నవాళ్ళ పుస్తకంలో కూడా ఫాలేతోలు ఒక్కరే ఉన్నారు. మనకే ఇద్దరు" అన్నాడు. నవ్వారు. నా వయసు వాళ్ళు కూడా నవ్వారు. నేను లేచి, "గాలాలు చెక్కింది నేను, రాసింది నేను" అన్నాను. "అయితే పుస్తకంలో అలా లేదేం, అది పేర్చింది నీ మేనకోడలే కదా?" అన్నాడు.

ఇసాకో నోరు మెదపలేదు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ మౌనాన్ని వినయం అన్నారు.

తీర్పు ఆగస్టుకి వాయిదా వేశారు. అదొక్కటే దేవుడి దయ.

నేను నిన్నడిగింది ఒకే ఒక్క మాట, పేరు సరిగ్గా పడేలా చూడమని. నువ్వు ఎవరి కారులో తిరుగుతున్నావో నువ్వే రాశావు. ఇంక నేనేం అడగను.

ఫాలేతోలు, ఇంకా

*

ఆక్లండ్
14 జూన్ 2013

మామయ్యా,

మీ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుని చదివి నన్నే తిట్టింది. ఇప్పుడు నేను కోపంగా ఉన్నాను. అది కూడా చెప్పాలి కదా.

కారు సంగతి ముందు. ఆ రోజు వాన పడుతోంది. అమ్మకి మోకాలు. అంతే. ఆ మనిషి కారెక్కితే ఆ మనిషి పక్షమైపోతానా? అలాగైతే ఇక్కడి బస్సు డ్రైవరు నాకు మేనమామ కావాలి.

ఇప్పుడు గీత సంగతి. ఆ సాఫ్ట్‌వేర్‌కి మనుషులు తెలియరు మామయ్యా, అక్షరాలే తెలుసు. రెండు పేర్లు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే ఇద్దరూ ఒకరే అనుకుంటుంది. ఎడిటరుగారు మార్చమన్న కొత్త శైలిలో, ఒకే మనిషివి రెండు పుస్తకాలు వరసగా వస్తే రెండోదానికి పేరు బదులు గీత పెట్టే అలవాటుంది. ఫాలేతోలు, ఫాలేతోలు. దాని కంటికి ఒక్కరే. తప్పేం కనపడలేదంది, దాని లెక్కలో తప్పు లేదు మరి. పక్కన చిన్నపేర్లు ఉండుంటే ఈ గొడవే వచ్చేది కాదు. చిన్నపేరు వద్దు, వేస్తే పళ్ళు రాలతాయి అని రాసింది ఎవరు? ఉత్తరాలు దాచుకోమన్నది మీరే, మీది నా దగ్గరుంది. మీరు చెప్పినట్టే చేశాను. మర్యాద కోసం చేశాను. ఒక్కసారి ఆ పేజీ మళ్ళీ కింద దాకా చూసుంటే బాగుండేది. చూడలేదు. మీ పేరు కనపడింది, సంతోషంతో పేజీ తిప్పేశాను. అది నా తప్పు, దానికి మాత్రం కాళ్ళు పట్టుకుంటాను.

పెద్దమామయ్యని చర్చి బయట నిలదీశాను. అందరూ వింటున్నారని కూడా చూడలేదు.

"గాలాల పుస్తకం నాది కాదు అని ఒక్క మాట అనుంటే మీ సొమ్మేం పోయేది?"

"నాది అని నేను అన్నానా తల్లీ?"

"అనలేదు. కాదని కూడా అనలేదుగా."

"పెద్దల సభలో అడగనిదే ఎలా మాట్లాడతానే? నీకు తెలియదూ?" అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు వానే లేదు. ఆయన కారెక్కడం మానేశాను, ఇది మీ కోసం కాదు, నాకే అసహ్యమేసి.

ఊరికే కూర్చోలేదు నేను. ఎడిటరుగారి దగ్గర గంటసేపు పోట్లాడి తప్పొప్పుల చీటీ అచ్చు వేయించాను. మిగిలిన ప్రతి కాపీలోనూ అది అతికిస్తారు. చీటీకి మా ప్రెస్సులో ఒక మూస ఉంది, అందులో చాలా చిన్న జాగా. ఎవరి పుస్తకం ఎవరిదో విడిపోవాలి కాబట్టి ఈసారి మీ చిన్నపేరు వేయక తప్పలేదు, మన్నించండి. మీకొకటి పంపితే మీరే అచ్చేయించుకున్నారంటారని, ఒక కట్ట నేరుగా పాస్టరుగారికి పంపాను. ఆడపడుచు తరఫున పంపుతున్నానని, ఆగస్టు సభలో అందరి ముందూ చదవమని పైన ఉత్తరం కూడా పెట్టాను. అమ్మ దాని మీద సంతకం చేసింది. ఆవిడ నోరు విప్పనన్న పట్టు మీ కోసం వదిలేసింది.

విట్లోగారు కూడా బాధపడ్డారు. రెండో ముద్రణలో అసలు జాబితానే సరిచేద్దామన్నారు.

ఇక మీ పరువుకి ఢోకా లేదు. కోపం పోయాక రెండు ముక్కలు రాయండి. అమ్మ రోజూ పోస్టుడబ్బా చూస్తోంది.

మీ
ఇయానెతా

*

సవాయీ
19 ఆగస్టు 2013

ఇయానెతా,

సభ శుక్రవారం అయింది. మీ అమ్మకి ఫోన్లో వేరేవాళ్ళు చెప్పేలోపే నా ఉత్తరం అందాలని ఓడ దగ్గరికి మనిషిని పంపుతున్నాను. అందకపోయినా చేసేదేం లేదు.

ముందు అంతా నాకు అనుకూలంగానే నడిచింది. కిందటిసారి నవ్వినవాళ్ళలో ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు. గాలాలు చెక్కింది ఎవరో ఊళ్ళో ఎవరికి తెలియదు? పాస్టరుగారు నీ కట్ట విప్పి, "ఆక్లండ్ నుంచి ఆడపడుచూ, ఆమె కూతురూ పంపిన మాట ఇది" అన్నారు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆ వైపు మాట ఇన్నాళ్ళకి వచ్చింది కదా. నేను తల పైకెత్తి కూర్చున్నాను. ఆ క్షణం నిన్ను చాలా మెచ్చుకున్నాను, అది దాచను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నీ చీటీలో రెండు గళ్ళే ఉన్నాయి, నువ్వు చూసుకునే ఉంటావు.

"పుట 412, గీత ఉన్నచోట. తప్పు: ఫాలేతోలు. ఒప్పు: పెనియామినా."

అంతే ఉంది అందులో. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ఎవరూ నవ్వలేదు. ఈసారి నవ్వుంటే బాగుండేది. మాటల పెద్ద ఇంకోసారి చదవమన్నాడు. పాస్టరుగారు ఇంకోసారి చదివారు. నేను లేచి, "అది పుస్తకం సంగతి, బిరుదు సంగతి కాదు. గీత వల్ల వచ్చిన తప్పుకి అచ్చువాళ్ళు ఇచ్చిన సవరణ" అన్నాను.

"తప్పు ఏది అని ఉంది?" అన్నాడు మాటల పెద్ద.

"ఫాలేతోలు అని ఉంది, కానీ..."

"ఒప్పు ఏది అని ఉంది?"

చీటీ ఇటివ్వమని నేను పాస్టరుగారి వైపు చెయ్యి చాచాను.

"పంపింది ఆడపడుచు కాదా? కింద సంతకం ఆమెది కాదా?"

నీ సంతకమూ, మీ అమ్మ సంతకమూ ఉన్న కాగితం చేతులు మారుతూ మారుతూ చివరికి నా దగ్గరికి వచ్చింది. మా అక్క చేతిరాత నాకు తెలియదా? చీటీ ఏదో ఆమె చూడకుండానే పై కాగితం మీద సంతకం చేసుంటుంది. నువ్వేం రాసినా చేస్తుంది, నీ మీద అంత నమ్మకం. ఆడపడుచు మాట వచ్చాక దాని మీద వాదించే సంప్రదాయం మనకి లేదు. నేనే ఎన్నోసార్లు ఎంతోమందిని ఆ మాట చెప్పి కూర్చోబెట్టాను. వాళ్ళూ అదే చేశారు. బిరుదు ఇసాకో ఒక్కడికే ఉంచారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ గీత నన్ను దాచింది, అంతే. గీత కింద నేనున్నానని వాదించుకోవడానికి నాకు చోటుంది. నీ సవరణ ఆ చోటు కూడా ఉంచలేదు.

ఇసాకో ఈసారి మాట్లాడాడు. "దేవుని చిత్తం" అన్నాడు. తర్వాత ఆవా కలిపారు. గిన్నె ఎత్తి ఫాలేతోలు అని పిలిస్తే, అలవాటు కొద్దీ నా చెయ్యి కూడా లేచింది. పక్కవాడు మెల్లిగా పట్టుకుని దించాడు.

రెండో ముద్రణలో జాబితా సరిచేస్తామన్నారు కదా విట్లోగారు. వద్దని చెప్పు. ఉన్నదున్నట్టు వేయమను, ఇప్పుడు అందులో తప్పేం లేదు. గాలాల పుస్తకం కూడా ఆయనకే ఉండనీ.

తన సంతకం ఎంత పని చేసిందో మా అక్కకి తెలిస్తే ఆవిడ మంచం పడుతుంది. ఎలా చెబుతావో నువ్వే చెప్పుకో.

నీ మీద కోపం లేదని రాయడానికే ఈ కాగితం తీశాను. రాయలేకపోతున్నాను.

పెనియామినా